ఐదింట రెండు

మాలతి కాపీ కొట్టిందని సుమేధకు గట్టి నమ్మకం. రుజువే దొరకడం లేదు.

వంశధార ఒడ్డున ఒక గుట్ట మీద చిన్న బౌద్ధ విహారం ఉంది. దాన్ని ఆనుకునే ఒక బడి. కొండ ఊళ్ల పిల్లలు అక్కడే ఉండి, అక్కడే తిని చదువుకుంటారు. విహారానికీ బడికీ కూడా పెద్ద, అందరూ ఖేమానంద భంతే అని పిలిచే భిక్షువు. సుమేధ ఆయన శిష్యుడు. లెక్కల్లో డిగ్రీ చేసి, ఇల్లు వదిలి వచ్చి కాషాయ చీవరం కట్టాడు. ఇంకా పూర్తి భిక్షువు కాలేదు. ఎనిమిదో తరగతికి లెక్కలు చెప్పే పని భంతే అతనికి అప్పగించారు.

అకరణీయ సంఖ్యల పాఠం అయ్యాక సుమేధ ఒక పరీక్ష పెట్టాడు. అందులో ఒక ప్రశ్న ఇది: 1/3 కీ, 1/2 కీ మధ్య ఉండే ఒక అకరణీయ సంఖ్యను రాయండి.

అతను చెప్పిన పద్ధతి, రెండింటినీ కూడి సగం చేయడం. అలా చేస్తే పన్నెండింట ఐదు వస్తుంది. పిల్లల్లో చాలామంది అదే రాశారు. ఎప్పుడూ మొదటి మార్కు తెచ్చుకునే గేదెల హేమంత్ మాత్రం రెండింటికీ ముప్పై హారంగా తెచ్చాడు. ముప్పయ్యింట పదికీ, ముప్పయ్యింట పదిహేనుకీ మధ్యలోంచి ముప్పయ్యింట పన్నెండును ఏరుకున్నాడు. అదీ ఒప్పే.

హేమంత్ వెనక బెంచీలో కూర్చునే ఆరిక మాలతి ఒకే ఒక్క ముక్క రాసింది. ఐదింట రెండు. దాని ముందు లెక్క లేదు, వెనక వివరణ లేదు.

సుమేధ ఎర్ర కలం ఎత్తాడు. పైన ఉన్న ఒకటీ ఒకటీ కలిపి రెండు చేసింది, కింద ఉన్న మూడూ రెండూ కలిపి ఐదు చేసింది. చూడగానే తెలిసిపోతోంది. లవాలకు లవాలు, హారాలకు హారాలు కలిపితే అది కూడిక కాదని చిన్న తరగతుల్లోనే చెబుతారు. కొట్టేయబోయి, ఎందుకో అడ్డగుణకారం చేసి చూశాడు. ఐదింట రెండు మూడింట ఒకటి కంటే పెద్దదే. సగం కంటే చిన్నదే. జవాబు ఒప్పు.

తప్పు దారిన పోయిన పిల్ల సరైన ఊరికి ఎలా చేరింది?

కలం పట్టుకుని చాలాసేపు ఆలోచించాడు. అప్పుడు హేమంత్ జవాబు గుర్తొచ్చింది. ముప్పయ్యింట పన్నెండును పైనా కిందా ఆరుతో కుదిస్తే వచ్చేది ఐదింట రెండే.

అదన్నమాట సంగతి, అనుకున్నాడు సుమేధ. ముందు బెంచీ మీదినుంచి చూసింది. పట్టుబడకుండా వేషం మార్చి రాసింది. ఒకే సంఖ్యకు ఎన్ని పేర్లయినా ఉండొచ్చని క్లాసులో చెప్పింది తనే. ఆ పాఠాన్నే దొంగతనానికి వాడుకుంది.

మర్నాడు మాలతిని పిలిచాడు.

"ఈ జవాబు నీకెవరు చెప్పారు?"

"ఎవలూ సెప్పలేదు సార్."

"హేమంత్ పేపరు చూశావా?"

"నేదు సార్."

ఆ పిల్ల నేలచూపులు చూస్తూ నిలబడింది. తప్పు చేయకపోతే తలెత్తి చెప్పొచ్చుగా, అనిపించింది అతనికి.

సాయంత్రం మళ్లీ పిలిచి అదే అడిగాడు. ఈసారి మాలతి తలెత్తి, అతని కళ్లలోకి చూసి చెప్పింది. ఎవలూ సెప్పలేదని.

ఎంత తెగింపు, అనుకున్నాడు సుమేధ.

హేమంత్‌ని అడిగితే, వాడు తన పేపరు ఎవరూ చూడలేదన్నాడు. వెంటనే అన్నాడు. అంత వెంటనే ఎందుకన్నాడు? వీళ్లిద్దరూ ముందే కూడబలుక్కున్నారేమో. ఆ రోజునుంచి పాఠం చెబుతున్నంతసేపూ సుమేధ చూపు ఆ రెండు బెంచీల మధ్యే తిరిగేది. మాలతి పక్కపిల్లను రబ్బరు అడిగినా అతనికి అందులో ఏదో సైగ కనిపించేది. నవ్వితే ఎవర్ని చూసి నవ్విందా అని చూసేవాడు. ఊరుకుంటే ఏం దాస్తోందా అని చూసేవాడు.

కాపీ కొట్టిన పిల్లలకు ఆ బడిలో చోటు ఉండదు. అది పాత నియమం. మాలతి వాళ్ల కొండ ఊరికి దగ్గర్లో ఎనిమిదో తరగతి ఉన్న బడి లేదు. ఇక్కణ్నుంచి పంపేస్తే దాని చదువు అక్కడితో సరి. ఆ సంగతి సుమేధకూ తెలుసు. అందుకే తొందరపడకూడదనుకున్నాడు. పక్కాగా తేల్చాలనుకున్నాడు.

ఒక్కదానికే మళ్లీ పరీక్ష పెట్టాలని నిశ్చయించాడు. రెండే ప్రశ్నలు తయారు చేశాడు. 2/3 కీ, 3/4 కీ మధ్య ఒక సంఖ్య. రుణ 1/2 కీ, 1/4 కీ మధ్య ఒక సంఖ్య. బడిలో ఏ ప్రశ్నాపత్రమైనా భంతేకు చూపించడం ఆనవాయితీ కాబట్టి, పొద్దున్నే తీసుకెళ్లి, మాలతి మొదటి జవాబు సంగతి కూడా చెప్పి, ఆయనకు చూపించాడు. భంతే చదివి, ఏమీ అనకుండా తిరిగి ఇచ్చేశారు.

పుస్తకాల గదిలో మాలతిని ఒంటరిగా కూర్చోబెట్టాడు. కిటికీ మూసి, గుమ్మంలో తనే నిలబడ్డాడు.

ఆ పిల్ల ఎక్కువసేపు తీసుకోలేదు. కాగితం మీద ఏడింట ఐదు అని రాసింది. దాని కింద సున్నా రాసింది.

సుమేధ సరిచూశాడు. ఏడింట ఐదు సరిగ్గా మధ్యలోనే ఉంది. రుణ సంఖ్యకూ ధన సంఖ్యకూ మధ్య సున్నా ఉంటుందని ఎవరైనా చెబుతారు, దాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. కానీ ఈ ఏడింట ఐదు ఎక్కడిది? గదిలో ఎవరూ లేరు. కిటికీ మూసి ఉంది. అంటే ప్రశ్నలే ముందు బయటికి వెళ్లి ఉండాలి.

ప్రశ్నలు చూసింది ఇద్దరే. ఒకరు తను.

ఆ ఆలోచన రాగానే సుమేధ భయపడ్డాడు. వద్దనుకున్నాడు. కానీ అది పోలేదు. ఆ రోజు పొద్దున భంతే బావి దగ్గర మాలతితో మాట్లాడుతూ నిలబడటం అతను తన కళ్లతో చూశాడు. అప్పుడు పట్టించుకోలేదు. ఇప్పుడు ఆ దృశ్యమే పదేపదే కళ్లముందుకొస్తోంది. భంతే వంగి ఏదో అన్నారు. పిల్ల తలూపింది. భంతేకు కొండ పిల్లలంటే జాలి. జాలితో మనిషి ఏమైనా చేయొచ్చు.

ఏ మనిషి పాదాల దగ్గర తల పెట్టి ఇల్లు వదిలాడో, ఆ మనిషినే అనుమానిస్తున్నాడు. అన్నం సహించడం మానేసింది. ధ్యానంలో కూర్చుంటే భిన్నాలు తప్ప మరేమీ కనిపించడం లేదు. అయినా ముందు తేల్చాల్సింది పిల్ల సంగతి అనుకుని, మాలతి తండ్రికి కబురు పెట్టాడు.

తండ్రి సుక్కయ్య కొండ దిగి మిట్టమధ్యాహ్నానికి వచ్చాడు. వానలు వెలిశాక కాసే ఎండ, మాడు పగిలిపోతోంది. అరుగు కింద నేల మీద కూర్చున్నాడు. పైకి రమ్మంటే రాలేదు.

"మా పిల్ల ఏటి సేసింది సామీ?"

"పరీక్షలో చూసి రాసింది."



"ఎవలు సూసినారు సామీ?"

"చూడటం కాదు. లెక్కనుబట్టి తెలుస్తుంది."

"నాకు లెక్కలు రావు సామీ. ఎవలు సూసినారో సెప్పండి."

సుమేధ వెనుదిరిగి లోపలికి వెళ్లాడు.

భంతే కిటికీ పక్కన చాప మీద కూర్చుని ఉన్నారు. సుమేధ నమస్కరించాడు కానీ కూర్చోలేదు.

"భంతే, ఆ ప్రశ్నాపత్రం నేను కాక చూసింది మీరొక్కరే."

"అవును."

"ఆ రోజు పొద్దున మీరు మాలతితో మాట్లాడటం చూశాను."

"మాట్లాడాను."

"ఏం మాట్లాడారు?"

భంతే అతని ముఖంలోకి చూశారు. ఆ చూపులో కోపం లేదు.

"చెబితే నమ్ముతావా?"

నమ్ముతానని అనబోయాడు సుమేధ. మాట బయటికి రాలేదు.

"అయితే చెప్పి లాభమేముంది," అన్నారు భంతే. "ఆ పిల్ల తండ్రి ఎండలో పడి వచ్చాడు. పద, పానకం కలుపుదాం."

మధ్యాహ్నం దాటాక విహారంలో ఎవరూ అన్నం ముట్టరు. బెల్లం నీళ్లు తాగొచ్చు. భంతే వంటగదిలోంచి రెండు ముంతలు, ఒక పెద్ద గిన్నె, నీళ్ల కుండ అరుగు మీదికి తెప్పించారు. ఒకే మూసలో పోసిన బెల్లం అచ్చులు రెండు తన చేత్తోనే తెచ్చారు.

"ఈ ముంతలో మూడు గ్లాసుల నీళ్లు పొయ్యి. ఒక అచ్చు వెయ్యి. ఆ ముంతలో రెండు గ్లాసులు పొయ్యి. ఒక అచ్చు వెయ్యి."

సుమేధ చెప్పినట్టే చేశాడు. ఎందుకు చేయిస్తున్నారా అని ఆయన చేతులనే గమనిస్తున్నాడు. బెల్లం కరిగేదాకా గరిటెతో కలిపాడు.

భంతే ఒక్కో ముంతలోంచి కాస్త కాస్త సుక్కయ్య దోసిట్లో పోశారు.

"ఏది తియ్యగా ఉంది నాయనా?"

"రెండోది సామీ. మొదటిది సప్పగుంది."

భంతే రెండు ముంతలూ ఎత్తి గిన్నెలోకి ఒంపేశారు. గరిటెతో ఒక తిప్పు తిప్పి, మళ్లీ సుక్కయ్య దోసిట్లో పోశారు.

"ఇప్పుడో?"

సుక్కయ్య చప్పరించి ఆలోచించాడు. "రెండోదంత నేదు సామీ. మొదటిదానికంటే నయం."

భంతే గ్లాసు నింపి సుక్కయ్య చేతికిచ్చారు. ఇంకో గ్లాసు నింపి సుమేధకిచ్చారు.

"ఈ గిన్నెలో పోసిన నీళ్లెన్ని?"

"ఐదు గ్లాసులు భంతే."

"బెల్లం?"

సుమేధ చెప్పబోయి ఆగిపోయాడు. ఐదు గ్లాసులకు రెండు అచ్చులు.

అయినా అతనిలోని లెక్కల మనిషి ఒప్పుకోలేదు. "కానీ భంతే, పైవి పైవీ కిందవి కిందవీ కలిపితే కూడిక కాదు. కూడితే ఆరింట ఐదు రావాలి."

"ఆ పిల్ల కూడానని అందా?"

ప్రశ్నలో కూడమని లేదు. మధ్యలో ఉన్నదేదో చెప్పమని ఉంది. ఆ ప్రశ్న రాసింది తనే.

"ఆ పిల్ల ఏమందో నాకు తెలియదు భంతే."

"ఎందుకు తెలియదు?"

ఇన్నాళ్లలో మాలతిని పిలిచిన ప్రతిసారీ తను అడిగినవన్నీ ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాడు సుమేధ. ఎవరు చెప్పారు? ఎవరిది చూశావు? ఎప్పుడు చూశావు? వాటిలో ఎక్కడా ఆ ఒక్క ప్రశ్న లేదు.

గ్లాసు అరుగు మీద పెట్టి లేచాడు.

మాలతి పుస్తకాల గదిలో ఉంది. తండ్రి వచ్చాడని తెలిసి, తన బట్టల సంచి సర్దుకుని పక్కన పెట్టుకుంది. సుమేధను చూడగానే లేచి నిలబడింది.

"మాలతీ..."

"ఎవలూ సెప్పలేదు సార్."

అతను ఇంకా ఏమీ అడగనే లేదు.

"ఎవరు చెప్పారని కాదమ్మా. నువ్వెలా చేశావో చెప్పు."

మాలతి అతని వెనక గుమ్మం వైపు చూసింది. అక్కడెవరైనా పొంచి ఉన్నారేమోనని. తర్వాత అతని చేతుల వైపు చూసింది, మళ్లీ ఏ కాగితం తెచ్చాడోనని. చేతులు ఖాళీగా ఉన్నాయి. అలా చూడటం ఎక్కడ నేర్చుకుందో సుమేధకు తెలుసు. తన దగ్గరే.

అతను నేల మీద కూర్చున్నాడు. ఇంకేమీ అడగలేదు. బయట అరుగు దగ్గర భంతే, సుక్కయ్య ఏవో పంటల మాటలు చెప్పుకుంటున్నారు. ఆ మాటలు చాలాసేపు వినబడ్డాయి.

"గొడుగులు సార్," అంది మాలతి చివరికి.

"గొడుగులా?"

"మొన్న వానలప్పుడు సార్. మా గదిలో ముగ్గురం. మాకు ఒక గొడుగు. పక్క గదిలో ఆల్లు ఇద్దరు. ఆల్లకీ ఒకటే గొడుగు. బువ్వకి ఎల్లినప్పుడు అందరం కలిసి ఎల్లినాం. ఐదుగురికి రెండు గొడుగులు." ఒక్క క్షణం ఆగి అతని ముఖం చూసింది. కోప్పడటం లేదని తేలాక మిగతాది చెప్పింది. "మాకు తడుపు కాస్త తగ్గింది. ఆల్లకి కాస్త ఎక్కువైంది. అంటే మజ్జిలోది సార్."

సుమేధ ఆ పిల్ల రాసిన రెండో కాగితం గుర్తు చేసుకున్నాడు.

"మరి రుణ సంఖ్యతో ఎలా చేశావు?"

"ఒకటి తక్కువ, ఒకటి ఎక్కువ. కలిపితే పోయింది సార్. ఏటీ మిగల్లేదు. అందుకే సున్నా ఏసినాను."

"ఇదంతా పేపరు మీద ఎందుకు రాయలేదు?"

"గొడుగులు రాత్తే మార్కులు ఏత్తారేటి సార్?"

ఆ మాట వెటకారంగా అనలేదు. నిజంగానే అడిగింది. వేసేవాడు కాదని సుమేధకు తెలుసు.

సంచి వైపు చూపించి, "అది గదిలో పెట్టుకో," అన్నాడు. మాలతి సంచి చేతిలోకి తీసుకుంది కానీ కదల్లేదు. నాన్న వెళ్లిపోయేదాకా అది దగ్గరే ఉంచుకుంటానంది.

సుమేధ అరుగు మీదికి వచ్చి సుక్కయ్యతో చెప్పాడు, అమ్మాయి చూసి రాయలేదని, ఇక్కడే చదువుకుంటుందని.

"ఆ సంగతి నాకు ఎరికే సామీ," అన్నాడు సుక్కయ్య. "మీకు ఎప్పుడు ఎరికవుద్దోనని కూకున్నాను."

తండ్రీకూతుళ్లు కాసేపు మాట్లాడుకున్నారు. ఎండ తగ్గాక సుక్కయ్య కొండదారి పట్టాడు.

సుమేధ ఖాళీ తరగతి గదిలోకి వెళ్లి సుద్దముక్క తీసుకున్నాడు. బోర్డు మీద మాలతి పద్ధతిని రకరకాల సంఖ్యలతో చేసి చూశాడు. చిన్నవాటితో చేశాడు, పెద్దవాటితో చేశాడు, రుణ సంఖ్యలతో చేశాడు. కింద ఉన్న సంఖ్యలు ధనంగా ఉన్నంతవరకు, ప్రతిసారీ జవాబు మధ్యలోనే పడింది. మూడింట ఒకటిని ఆరింట రెండుగా రాసి చేస్తే, ఐదింట రెండు పోయి ఎనిమిదింట మూడు వచ్చింది. జవాబు మారిపోయిందే అని పట్టుకోబోయాడు. అదీ మధ్యలోనే ఉంది. పేరు మార్చినప్పుడల్లా మధ్యలో ఇంకో కొత్త సంఖ్య దొరుకుతోంది. చివరికి సంఖ్యలు వదిలేసి అక్షరాలతో చేశాడు. ఎందుకు తప్పదో అప్పుడు స్పష్టంగా తెలిసింది. బోర్డంతా నిండిపోయింది. సుద్దపొడి చీవరం మీద రాలి తెల్లగా చారలు కట్టింది.

పొద్దుగూకే వేళకు భంతే దగ్గరికి వెళ్లాడు. ఆయన పెరట్లో తీగ మీద ఆరిన చీవరాలు తీస్తున్నారు. బావి దగ్గర ఏం మాట్లాడారని అడగాలని మాట నోటిదాకా వచ్చింది. సుమేధ దాన్ని మింగేశాడు.

"భంతే, మాలతి ఎలా చేసిందో చెప్పింది."

"నమ్మావా?"

"సరిచూశాను భంతే. ఎన్ని రకాలుగా చేసినా ఎక్కడా తప్పలేదు. ఎందుకు తప్పదో రుజువు కూడా దొరికింది."

భంతే చీవరం ఒక కొస అతని చేతికి అందించారు. ఇద్దరూ చెరో కొసా పట్టుకుని, ఎదురెదురుగా నిలబడి దాన్ని లాగి సరిచేశారు. మధ్యకు మడిచి, మళ్లీ మడిచారు. మడత పూర్తయ్యేసరికి ఇద్దరూ దగ్గరదగ్గరగా ఉన్నారు.

"నేనడిగింది లెక్క గురించి కాదు సుమేధా," అన్నారు భంతే.